చప్పుడు లేని పెట్టె

లోవర్ హట్‌లోని తెలుగు ఇళ్లలో ఎవరైనా కొత్త కంప్యూటర్ కొనాలనుకుంటే ముందు రవిచంద్రకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది.

"కొత్తదా? ఎందుకప్పా, డబ్బు కాళ్లకు అడ్డం పడుతోందా?" అనేవాడు. ఆ మాటతో సగం మంది వెనక్కి తగ్గేవారు. మిగిలిన సగానికి కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. పక్కనున్న వెల్లింగ్టన్‌లో పెద్ద పెద్ద ఆఫీసులు కంప్యూటర్లు కొనవు, అద్దెకు తీసుకుంటాయి. గడువు తీరగానే వాటిని లారీకెత్తి పంపేస్తాయి. తుడిచి, లోపల దులిపి, మళ్లీ అమ్మేవాళ్లుంటారు. "కార్పెట్ గదుల్లో పెరిగిన పెట్టెలవి. పొద్దున తొమ్మిదికి లేచి సాయంత్రం అయిదుకు పడుకున్నవి. మనింట్లో కొత్తది కొన్నా అంత సుఖంగా బతకదు" అనేవాడు. కొత్తదాని ధరలో నాలుగో వంతుకే పని జరిగిపోయేది. దానికో ర్యామ్ ముక్క, వీలైతే ఓ మంచి డిస్క్ తగిలించి ఇచ్చేవాడు. చేతికి కూలి పుచ్చుకోడు. పెట్టిన టీ తాగేవాడు, బాగుంటే రెండోసారి అడిగేవాడు.

రవిచంద్రది ప్రొద్దుటూరు. చదువుకునే రోజుల్లో బజారులో ఓ టీవీ రిపేరు కొట్లో సాయంత్రాలు కూర్చుని పని నేర్చుకున్నాడు. తర్వాత హైదరాబాదు, ఆ తర్వాత ఈ దేశంలోనే ఆల్బనీలో ఓ ఆఫీసు, చివరికి ఇళ్లు కాస్త అందుబాటులో ఉన్న ఈ లోయ ఊరు. రోజూ ఊళ్లోని వాటర్లూ స్టేషన్లో రైలెక్కి వెల్లింగ్టన్ వెళ్లి, ఇతరుల కంప్యూటర్లు మొరాయిస్తే దారికి తెచ్చే ఉద్యోగం చేసేవాడు. ఏ పెట్టెనైనా ఆన్ చేయగానే తల వంచి దాని పక్కకు చెవి ఆనించడం అతని అలవాటు. ఫ్యాన్ అరిగిందా, డిస్క్ గీరుకుంటోందా అన్నది చెవితోనే చెప్పేవాడు.

"కట్టుకున్నదాని మాట వినడానికి తీరిక ఉండదు, డబ్బా ఏం చెబుతోందో మాత్రం చెవి పెట్టి వింటారు" అనేది అతని భార్య నిరుపమ.

"డబ్బా ఒకసారి చెప్పిందే పదిసార్లు చెప్పదు" అనేవాడు.

నిరుపమ మాటకారి. పగలు ఓ చైల్డ్‌కేర్‌లో కివీ పిల్లల మధ్య ఇంగ్లీషులోనూ, ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో మన పిల్లల మధ్య తెలుగులోనూ ఆమె గొంతు ఆగేది కాదు. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు వింటారు గానీ తిరిగి ఇంగ్లీషులోనే జవాబిస్తారు. ఆమె పట్టించుకునేది కాదు. "చెవిలో పోస్తూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నోట్లోంచి వస్తుంది" అనేది. కూతురు సిరికి అప్పటికి పదేళ్లు నిండాయి. ఆ పిల్లా అంతే. తల్లి తెలుగులో తిడుతుంటే ఇంగ్లీషులో ఎదురు చెప్పేది. వంటింట్లో ఆ రెండు భాషల యుద్ధం విని రవిచంద్ర హాల్లో నవ్వుకునేవాడు.

ఆ ఏడాది జూన్‌లో, ఇక్కడి చలికాలం మొదట్లో, ఆమె మాటలో తడబాటు మొదలైంది. ముందు పిల్లలే పట్టుకున్నారు. ఆదివారం తరగతిలో ఓ పిల్లాడు, "ఆంటీ, మీ నోట్లో చాక్లెట్ ఉందా?" అని అడిగాడు. ఇంటికొచ్చి అది చెప్పి నవ్వింది. పంటి డాక్టరు దగ్గరకెళ్లారు, ఆ తర్వాత మామూలు డాక్టరు, ఆ తర్వాత నరాల డాక్టరు. పరీక్షలన్నీ అయ్యాక తేలిందేమంటే, కండరాలకు ఆజ్ఞ మోసుకెళ్లే నరాలు ఎండిపోయే జబ్బు. ఆమెకది గొంతు దగ్గర మొదలైంది. ముందు మాట, తర్వాత మింగడం, తర్వాత ఊపిరి. మందు లేదు. ఎంత కాలమో ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. మాట మాత్రం త్వరగానే పోవచ్చని చెప్పారు.

స్పీచ్ థెరపిస్టు ఓ పెద్దావిడ. ఆవిడ ఒక దారి చూపించింది. ఇంగ్లీషులో అయితే టైపు చేసింది పలికే గొంతులు కంప్యూటర్లో ఇప్పటికే ఉన్నాయి. తెలుగులో అలాంటివి ఆవిడకు తెలియవు. కానీ గొంతు బాగున్నప్పుడే ఇంట్లో రోజూ అనే మాటలు ఒక్కొక్కటిగా రికార్డు చేసి పెట్టుకుంటే, తెర మీద ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ పెట్టొచ్చు. బొమ్మ నొక్కితే ఆమె గొంతే పలుకుతుంది.

"ఆలస్యం చేయకండి. సద్దు లేని గదిలో చేయండి" అంది ఆవిడ.

మొదటి మాట ఇద్దరికీ వినిపించింది. రెండో మాట రవిచంద్ర మనసులో పాతుకుపోయింది.

ఇంట్లో ఉన్న లాప్‌టాప్ ముసలిది, ఆన్ చేస్తే పిండిమర లాగా మోగేది. సరిగ్గా ఆ నెలలోనే అతని కాంట్రాక్టు ముగిసింది. మళ్లీ పొడిగిస్తారో లేదో తెలీదు. నిరుపమ పని మానేసింది. ఇంటి అప్పు నెల తిరక్కుండానే తలుపు తడుతోంది. కొత్త కంప్యూటర్ కొనడమన్నది, అతని జన్మలో ఎన్నడూ చేయని పని, ఇప్పుడు చేసే వీలూ లేదు. ఇన్నేళ్లు ఊరందరికీ చేసిపెట్టిన పనే ఇప్పుడు తన ఇంటికి చేసుకుంటున్నాడు, అంతే అనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ పని దొరికినందుకు లోలోపల కాస్త ఊరట కూడా కలిగింది. డాక్టర్ల గదుల్లో అతని చేతులకు పనుండేది కాదు.

అతని స్నేహితుడు పాండురంగ, వీధి చివర డెయిరీ నడిపేవాడు. పాలు, రొట్టె, పేపర్లు అమ్మే చిన్న కొట్టు. వ్యాను అతనిదే. పెటోన్‌లో పాత కంప్యూటర్లు అమ్మే గోదాం దాకా ఇద్దరూ కలిసి వెళ్లారు. షెడ్డులో నడుం ఎత్తున పేర్చిన నల్ల పెట్టెల మధ్య రవిచంద్ర ఒక్కోదాన్నీ ఆన్ చేయించి చెవి పెట్టి వింటుంటే పాండురంగకు విసుగొచ్చింది.

"పుచ్చకాయలు ఏరుతున్నట్టు ఏరతా ఉండావు. ఏదో ఒకటి తీసుకో."

"దీని ఫ్యాన్ గురకపెడుతోంది."

"మా ఆవిడా పెడుతుంది. పదిహేనేళ్లయింది, రిటన్ చేసినానా?"

గోదాం మనిషికి తెలుగు రాకపోయినా వాళ్లిద్దరి మొహాలు చూసి నవ్వాడు. చివరికి రవిచంద్ర ఒకటి ఎంచుకున్నాడు. వ్యానులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పాండురంగ అన్నాడు.

"రవీ, ఇంటికి పోతానే ఫోన్లో రికార్డు చెయ్. అన్నీ కుదిరిందాకా అని ఆగితే ఎట్లా? నీ పెట్టె తయారైనాక అందులో వేసుకుందువు."

"ఫోన్లో గొంతు గరగరగా వస్తుంది. ఆమె ఇక జీవితమంతా ఆ గొంతుతోనే మాట్లాడాల, పాండూ. నేను గరగర గొంతు ఇవ్వలేను."

సిగ్నల్ మారింది, పాండురంగ వ్యాను కదిలించాడు.

ఇంటికి తెచ్చాక పెట్టె అసలు రూపం తెలిసింది. గోదాం రొదలో వినపడని చప్పుడు ఇంట్లో వినపడింది. పాత డిస్క్ లోపల చీమలు నడిచినట్టు చిటపటలాడేది. ఫ్యాన్ సన్నగా ఈలేసేది. మైకు పెట్టి చూస్తే నిరుపమ గొంతు వెనక ఆ ఈల దారంలా సాగుతూనే ఉండేది. అతను తిరిగే డిస్క్ తీసేసి, కదలని, చప్పుడు చేయని కొత్త రకం డిస్క్ పెట్టాడు. చిటపట పోయింది. ర్యామ్ రెట్టింపు చేశాడు. పెట్టె చురుగ్గా లేచింది. ఇక ఫ్యాన్ మిగిలింది.

మెల్లగా తిరిగే పెద్ద ఫ్యాను కొని బిగించబోతే ప్లగ్గు పట్టలేదు. ఆఫీసుల కోసం చేసే పెట్టెల్లో దాన్ని చేసిన కంపెనీ తన ప్లగ్గు తనే వేరుగా పెట్టుకుంటుంది. బలవంతంగా తగిలిస్తే, ఆన్ చేసినప్పుడల్లా ఫ్యాన్ లేదని అలిగి ఆగిపోయేది. మధ్యలో పెట్టే చిన్న వైరు ముక్క ఒకటుంటుంది. ఊళ్లో ఓ షాపులో వెంటనే దొరుకుతుంది, కానీ ఆ చిన్న ముక్కకు అంత ధర అడిగేసరికి అతని చేయి పర్సు దగ్గరే ఆగిపోయింది. అదే విదేశం నుంచి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే టీ ఖర్చంత. రావడానికి మాత్రం వారాలు పడుతుంది. జీవితమంతా అతను ఆ రెండో దారినే నడిచాడు. ఈసారీ చేతివేళ్లు అటే వెళ్లాయి.

ఆ వారాల్లో ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఏ మాటలు రికార్డు చేయాలో ఆలోచించేవాళ్లు. ఆమె మాట అప్పటికి నెమ్మదించింది, కానీ అర్థమయ్యేది. అలిసిపోనప్పుడైతే వెనకటి గొంతే.

"అన్నం తిన్నావా, స్వెట్టరు వేసుకో, తలుపు వేయి... ఇవి ఎవరైనా అంటారు" అంది. "తిట్లు కూడా పెట్టాలి."

"ఏ తిట్లు?"

"మీకు వేరే, సిరికి వేరే. మీకు 'ఆ డబ్బా కట్టేసి రండి' ఒకటి చాలు, రోజూ నొక్కుతాను. దానికి మాత్రం చాలా కావాలి. పెద్దదవుతుంది కదా. ఇప్పటి తిట్లు అప్పటికి సరిపోవు."

అతను తల వంచుకుని మైకు వైరు చూస్తున్నట్టు కూర్చున్నాడు.

"పదహారేళ్లప్పుడు ఏం చేస్తుందో తెలియదు. ఏదైనా సరే పనికొచ్చే తిట్టు ఒకటి చెప్పండి" అంది. ఇద్దరూ నవ్వారు. సిరి తన గదిలోంచి, ఏం జోకో తనకూ చెప్పమని ఇంగ్లీషులో కేకేసింది. నీ గురించే అని ఆమె తెలుగులో కేకేసింది.

మధ్యమధ్యలో రవిచంద్ర మైకు పరీక్షించేవాడు. ఆమె ఏదో ఒకటి మాట్లాడేది. టీ చల్లారిపోతోందనో, బయట వాన మొదలైందనో, తాడు మీద బట్టలు తీయమనో. అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, ఈల వినపడుతోందని పెదవి విరిచి, ఆ ముక్క చెరిపేసేవాడు. కొత్త డిస్క్ చిన్నది, అందులో చెత్త ఉంచడం అతనికి గిట్టదు.

వైరు ముక్క వచ్చేసరికి సెప్టెంబరు దాటుతోంది, ఇక్కడి చెట్లకు చిగుళ్లొచ్చాయి. బిగించాడు. ఫ్యాన్ తిరిగింది, ప్లగ్గు అలగలేదు. చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. ఆన్ అయిందో లేదోనని వెలుగు చూసుకున్నాడు. సిరిని పిలిచి వినమన్నాడు. ఆ పిల్ల వంగి విని, చచ్చిపోయింది నాన్నా అంది ఇంగ్లీషులో. అంతకంటే మెప్పు అతనికి ఎవరూ ఇవ్వలేదు.

"రేపే మొదలుపెడదాం" అన్నాడు.

నిరుపమ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. "వచ్చే వారమే కదా విజయదశమి. పెట్టెకు బొట్టుపెట్టి ఆ రోజు మొదలుపెడదాం. ఆనాడు మొదలుపెట్టిన పని చెడదని మా అమ్మ అనేది."

ప్రతి ఏడూ దసరాకు వాళ్లింట్లో కారుకూ, అతని స్క్రూడ్రైవర్ల డబ్బాకూ, నడుస్తున్న కంప్యూటర్లకూ పసుపు కుంకుమ పెట్టేది ఆమే. ఈసారీ తనే పెట్టాలని ఉంది. అతను అది గ్రహించాడు. మంచి రోజు అన్న మాట అతనికీ నచ్చింది. ఇన్నాళ్లూ వాళ్ల నెత్తిన పడ్డ రోజుల్లో ఒక్కటీ మంచిది కాదు. ఒకటైనా తామే ఎంచుకుందామనిపించింది. అన్ని రోజులు ఆగొద్దని ఇద్దరిలో ఒక్కరన్నా రికార్డింగు మర్నాడే మొదలయ్యేది. ఎవరూ అనలేదు.

పండగకు ముందు రోజుల్లో ఆమె మంచినీళ్లు తాగుతుంటే పొలమారింది. అలా పొలమారడం అప్పటికి మామూలైపోయింది, పెద్దగా పట్టించుకోలేదు. మర్నాటికి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగి చెడిందన్నారు ఆసుపత్రిలో. విజయదశమి అక్కడే గడిచింది. పాండురంగ భార్య ప్రభావతి చక్రపొంగలి తెచ్చింది. నిరుపమ తినలేదు, వాసన చూసి కళ్లతోనే బాగుందంది. ఆసుపత్రి నుంచి ఆమె వచ్చింది గానీ, వెళ్లినప్పటి గొంతు ఆమెతో రాలేదు.

అయినా రవిచంద్ర మొదలుపెట్టాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం సిరిని ప్రభావతి ఇంటికి పంపించి, ఫ్రిజ్ ఆపేసి, గది వేడిచేసే హీట్ పంపు ఆపేసి, కిటికీలకు దుప్పట్లు కట్టాడు. నిరుపమ పెట్టెకు తనే బొట్టు పెట్టింది. కుంకుమ కాస్త కిందికి జారింది. అప్పుడు మైకు ముందు కూర్చుని, రాసి పెట్టుకున్న మాటలు ఒక్కొక్కటీ పలికింది. ఒక్కో మాటకు ఎంతో సేపు పట్టింది. మధ్యలో ఆగి పెదవులు తుడుచుకునేది. 'అన్నం తిన్నావా' అనడానికి చాలాసార్లు ప్రయత్నించింది. సిరి పేరు దగ్గర నాలుక మడతపడింది. ఓపిక ఉన్నంతవరకు చేసి, చాలని చేయి ఎత్తింది.

అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. ఈల లేదు, చిటపట లేదు, గోడ అవతలి కారు చప్పుడు కూడా లేదు. అంత శుభ్రమైన రికార్డింగు అతను జన్మలో చేయలేదు. ఆ శుభ్రతలో ఆమె నాలుక ఎక్కడ ఎలా తడబడిందో, ఏ అక్షరం ఎక్కడ కరిగిపోయిందో, ఊపిరి ఎక్కడ తెగిందో ఒక్కటీ దాగలేదు. ఏమన్నదో తెలిసిన అతనికే సగం మాటలు అర్థం కాలేదు. ఏ చప్పుడైనా ఉంటే బాగుండేదనిపించింది. దాని మీదకు తప్పు నెట్టొచ్చు.

నిరుపమ చేయి చాచింది. ఇవ్వనా వద్దా అని ఒక్క క్షణం ఆగి ఇచ్చాడు. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచీ వింది. మొహంలో ఏమీ కదల్లేదు. అంతా అయ్యాక వాటిని తీసి టేబుల్ మీద మెల్లగా పెట్టి, కీబోర్డు తన వైపుకు లాక్కుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసింది.

'తీసెయ్యండి.'

"ఉండనీ నిరూ. కొన్ని బానే ఉన్నాయి. నేను సరిచేస్తా, దానికి సాఫ్ట్‌వేర్లున్నాయి."

ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ టైపు చేసింది. 'సిరికి ఈ గొంతు గుర్తుండకూడదు.'

"ఇదొక్కటే ఉంది మనకి."

'అందుకే.'

ఆ మాట అక్కడే తెర మీద మెరుస్తూ ఉంది. ఆమె తొందరపెట్టలేదు. చివరికి అతను ఫైళ్లన్నీ ఎంచి డిలీట్ నొక్కాడు. చేయి మౌసు మీంచి తీయబోయాడు. ఇన్నేళ్లు భర్త పక్కన కూర్చుని కంప్యూటర్ పనులు చూసిన మనిషి, తీసేసినవి ఎక్కడ దాగుంటాయో ఆమెకు తెలుసు, వేలు చాచి తెర మూలనున్న చెత్తబుట్ట బొమ్మ మీద ఆనించింది. అది కూడా. అతను దాన్నీ ఖాళీ చేశాడు. తర్వాత ఆమె ఆ చేతినే అతని భుజం మీద పెట్టింది, అతను ఏడ్వడం పూర్తయ్యేదాకా తీయలేదు.

ఆ తర్వాత ఆ పెట్టె ఇంట్లో బాగానే పనికొచ్చింది. ఆమె దానితోనే మాట్లాడింది. ఇంగ్లీషు పలికే ఎవరిదో ఆడగొంతు, వార్తలు చదివినట్టు, 'డిన్నర్ ఈజ్ రెడీ' అనేది. ఆ గొంతుకు సిరి కొన్నాళ్లు జవాబు చెప్పలేదు. తర్వాత అలవాటుపడింది. వేళ్లు సన్నగిల్లాక దానికే వేరే మీటలు తగిలించాడు. అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. మరుసటి ఏడు ఏప్రిల్లో, ఇక్కడ ఆకులు రాలే రోజుల్లో, ఓ తెల్లవారుజామున నిరుపమ నిద్రలోనే పోయింది.

జనం వచ్చారు, వెళ్లారు. అతనికి మళ్లీ కాంట్రాక్టు దొరికింది, మళ్లీ రైలెక్కాడు. ఊరికి కొత్తగా వచ్చిన ప్రణీత అనే అమ్మాయి కంప్యూటర్ కొనాలని ఫోన్ చేస్తే, షాపుకెళ్లి కొత్తది కొనుక్కోమ్మా అన్నాడు. ఆ అమ్మాయి తను విన్న రవిచంద్ర అంకుల్ ఈయనేనా అని అనుమానపడి, మరోసారి పేరు అడిగింది.

ఓ సాయంత్రం సిరి అల్మారాలో పెళ్లి డీవీడీ చూసి తెచ్చింది. అమ్మ మాట్లాడటం వినాలని ఉందంది. ఇంట్లో ఉన్న వీడియోల్లో నిరుపమ ఎప్పుడూ కెమెరా వెనకే. ఇటు చూడు, నవ్వు అన్న రెండు ముక్కలు తప్ప ఏమీ ఉండవు. పెళ్లి వీడియోలో అయితే ఆమె మొదటి నుంచి చివరిదాకా ఉంది. అతను డిస్క్ పెట్టాడు.

ప్రొద్దుటూరు వీడియో మనిషి ఆ రోజుల్లో అందరికీ చేసినట్టే వాళ్లకూ చేశాడు. పెళ్లిలో ఎవరు ఏమన్నారో అంతా తీసేసి, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు అతికించాడు. ముత్తైదువలు నోళ్లు కదుపుతున్నారు, పాట. పురోహితుడు మంత్రం చదువుతున్నాడు, పాట. సిరి కాసేపు చూసి, సౌండు తీసేయమంది. అతను తీసేశాడు.

తలంబ్రాల తర్వాత నిరుపమ పసుపు బట్టల్లో అతని వైపు తిరిగి ఏదో అంది. పెద్ద మాటే, కాసేపు పట్టింది. పక్కన మీసాల కుర్రాడు, అంటే తనే, ఏదో జవాబిచ్చాడు. ఆమె పగలబడి నవ్వి చేత్తో నోరు మూసుకుంది.

"అమ్మ ఏమంది నాన్నా?" అంది సిరి. తెలుగులోనే అడిగింది.

అతను రిమోట్‌తో వెనక్కి జరిపాడు. మళ్లీ చూశాడు. ఆమె పెదవులు చూశాడు, తన పెదవులు చూశాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. సిరి అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"తెలీదమ్మా" అన్నాడు.